అగ్గిపెట్టెలో చూసి చెప్పిన పేరు

నా ఉద్యోగంలో పని పట్టని రోజులు కొన్ని ఉన్నాయేమో గానీ, పురుగు పట్టని రోజు మాత్రం లేదు. వ్యవసాయ శాఖలో, నిల్వ ధాన్యానికి పట్టే పురుగుల్ని చూసే చిన్న ఉద్యోగిగా పలాసలో చేరాను. మధ్యలో కొన్నేళ్ళు టెక్కలి వెళ్ళి, మళ్ళీ పలాసకే వచ్చి అక్కడే పదవీ విరమణ చేశాను. నా హోదాకి పొడుగాటి ఇంగ్లీషు పేరు ఒకటుండేది. జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనపడలేదు. జనానికి నేను పురుగుల మేష్టారిని. మొదట్లో చిన్నబుచ్చుకునేవాణ్ణి. తరవాత, పురుగుల పక్కన మేష్టారు అనే మాటైనా ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, "మీ అనుభవాలు చెప్పండి సార్" అన్నారు. టీ చల్లారేలోపు చెప్పగలిగినవి చెప్పాను. అవన్నీ నేను నెగ్గిన కథలే. వాళ్ళు వెళ్ళాక మా ఆవిడ కప్పులు తీస్తూ, "రూతమ్మ సంగతి సెప్పలేదేటి?" అంది. చెప్పలేదు. నోటితో చెప్పలేనిది చేత్తో రాయొచ్చని ఇప్పుడు రాస్తున్నాను.

చుట్టమా, అద్దెదారా, సొంతదారా

ఇంట్లో కనిపించిన పెంకుపురుగులన్నీ ఇంటివి కావు. ముందు ఈ ముక్క తెలిస్తే సగం ఉద్యోగం వచ్చినట్టే.

తొలకరి జల్లులకి వరండా దీపానికి గుద్దుకుని, పెద్ద చప్పుడుతో వెల్లకిలా పడే కొమ్ముపురుగు చుట్టం. దాని కాపురం కొబ్బరి మొవ్వులో, పెంటపోగులో. ఉద్దానంలో దాన్ని ఎరగని పిల్లలు లేరు. తోటకి అది శత్రువు గానీ ఇంటికి కాదు. చీపురుతో బయటికి నెడితే సరి. బియ్యంలో బుల్లి తొండంతో నడిచే ముక్కుపురుగు సొంతదారు. గింజలోనే పుట్టి, గింజలోనే పెరిగి, గింజకి బొక్క పెట్టుకుని బయటికొస్తుంది. ఎర్రగా, బల్లపరుపుగా, చేట చెరగగానే పరుగు లంకించుకునే పిండిపురుగు అద్దెదారు. బాగున్న గింజని అది తొలవలేదు. వేరే ఎవరో విరగ్గొట్టిన నూకలో చేరి బతుకుతుంది. పిండిపురుగు కనిపించిందంటే ఆ డబ్బాలో అంతకుముందే ఏదో జరిగిందన్నమాట.

టెక్కలిలో ఒక గుమస్తా గారింట్లో వంటగది నిండా గుండ్రంగా, తేనెరంగులో, మెడ వంచుకున్న చిన్న పురుగులు పుట్టాయి. ఆయన తల్లి ఊరంతా వినపడేటట్టు, "కోడలు పుట్టింటి నుంచి పసుపు తెచ్చినకాడి నుంచే ఇయ్యి దిగినాయి" అంటోంది. ఆ పిల్ల గుమ్మం దగ్గర నించుని ఏడవకుండా ఉండడానికి గోడ సున్నం గిల్లుతోంది. నేను వెళ్ళి అలమరలో ఉన్న డబ్బాలన్నీ దింపించాను. కోడలు తెచ్చిన పసుపు కొమ్ములు గట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. అన్నిటికీ వెనక, నల్లబడిన ఒక గుడ్డ మూటలో, అత్తగారు రెండేళ్ళ కిందట దాచి మరిచిపోయిన మిరపకాయలు జల్లెడలా తూట్లు పడి ఉన్నాయి. మూట విప్పగానే పురుగులు జలజలా రాలాయి. ముసలావిడ కాసేపు చూసి, "ఇయ్యి నా మిరపకాయలు కావు" అంది. కోడలు మొదటిసారి నవ్వింది.

ఆ రోజు నాకు పేరొచ్చింది. పేరొచ్చాక ఇళ్ళకి వెళ్ళడం తగ్గించాను. జనమే అగ్గిపెట్టెల్లో, మందు సీసాల్లో, కొంగు ముడుల్లో పురుగుల్ని పట్టుకొచ్చేవారు. నేను కుర్చీలోంచి లేవకుండానే పేరు చెప్పేవాణ్ణి. లేవకుండా ఎంత త్వరగా చెబితే అంత గొప్పగా ఉండేది.

గియ్యమన్న సారు

నాకు పని నేర్పిన పెద్దసారు ఒకాయన ఉండేవారు. గుంటూరు వేపు మనిషి. మా మాట ఆయనకి అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆయన మాట మాకు అర్థం కావడానికి అంతకంటే ఎక్కువే పట్టింది. ఆయనకి ఒక పట్టుదల ఉండేది. పురుగుని బల్ల మీద పెట్టగానే పేరు చెబితే వినేవారు కాదు.

"పేరు తరవాత చెబుదువుగాని, ముందు బొమ్మ గియ్యి" అనేవారు.

నాకు బొమ్మలు రావు. నేను గీసిన ముక్కుపురుగుని చూసి ఆయన ఒకసారి, "ఏనుగుని బాగా గీశావు, ఇప్పుడు పురుగుని గియ్యి" అన్నారు. బొమ్మ బాగుండాలని కాదు ఆయన పట్టుదల. గియ్యాలంటే ప్రతి ముక్కనీ చూడక తప్పదు. కొమ్ముల కొసలు ఎలా ఉన్నాయి, మెడ మీద గుంటలున్నాయా, వీపు వెనక ఏటవాలుగా ఉందా అని. పేరు పెట్టేశాక కన్ను చూడ్డం మానేస్తుందని ఆయన భయం. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన సారుకి బొమ్మలంటే కాలయాపన. "చూశామా, చెప్పామా, పంపామా" అనేవారు. నాకు హాయిగా ఉండేది. నిజం చెప్పాలంటే ఇద్దరిలో నాకు నచ్చింది రెండో ఆయనే. బాగుచేసింది మొదటాయన.

జకరయ్య గారు తెచ్చిన అగ్గిపెట్టె

తొంభైల చివర్లో పెద్ద గాలివాన ఒకటి మా తీరాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి తోటలు పడుకున్నాయి. పూరిళ్ళ కప్పులు పొలాల్లో దొరికాయి. అది జరిగిన రెండు నెలలకి, వజ్రపుకొత్తూరు వేపు సముద్రం దగ్గరున్న ఒక పేట నుంచి జకరయ్య గారు మా ఆఫీసుకొచ్చారు. అక్కడి క్రైస్తవ సంఘానికి ఆయన పెద్ద. తెల్ల చొక్కా, మోచేతి దాకా మడత, గొడుగు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"మేష్టారూ, ఇది ఏటో సూసి సెప్పాల. మా పిడికెడు బియ్యంలో పడ్డాది" అని అగ్గిపెట్టె బల్ల మీద పెట్టారు.

వాళ్ళకొక పద్ధతి ఉంది. వంటకి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఇంటి ఆడమనిషి అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాని గుడికి తీసుకెళ్ళి అందరి బియ్యంలో కలుపుతుంది. చర్చిని వాళ్ళు గుడి అనే అంటారు. ఆ బియ్యం వండి, చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళకి పెడతారు. ఎంత లేనివాళ్ళైనా పిడికెడు ఆపరు. ఆ బియ్యాన్ని దాచే బాధ్యత ఒక మనిషికి అప్పగిస్తారు. అది జీతం లేని పని. పేటలో ఆడవాళ్ళకి అంతకంటే పెద్ద మర్యాద ఇంకొకటి లేదు. ఏడేళ్ళుగా ఆ బియ్యం దాస్తున్న మనిషి రూతమ్మ. భర్త గుజరాతు వేపు చేపల బోట్ల మీద పనికి పోతే, తను కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే కార్ఖానాకి వస్తుంది. గాలివాన దాకా ఆ బియ్యం గుడి గదిలోనే ఒక డ్రమ్ములో ఉండేవి. గాలివానకి ఆ గది కప్పు పోవడంతో డ్రమ్ముని ఆమె ఇంటికి చేర్చారు.

ఈ సంగతంతా నాకు తరవాత తెలిసింది. ఆ రోజు నేనడిగింది ఏమీ లేదు. పెట్టె తెరిచాను. ముదురు గోధుమరంగు, బియ్యపు గింజలో సగం, కడ్డీ ముక్కలా గుండ్రని ఒళ్ళు, తల కనపడకుండా ముసుగేసుకున్నట్టున్న మెడ. పక్కన కాస్త పొడి. నుసిపురుగు అనుకున్నాను. ఒడ్లనీ బియ్యాన్నీ తొలిచి పిండి చేసే పాత దొంగ.

"నుసిపురుగు" అన్నాను.

"ఇది కొత్త బియ్యంలో పుడతాదా?"

"ఇన్ని పుట్టాలంటే బియ్యం నెలల తరబడి నిలవుండాలి. ఇది పాత బియ్యంతో వచ్చిందే."

జకరయ్య గారు కళ్ళు మూసుకుని తెరిచారు. "మా బియ్యం వారం వారం కలిసేది. గాలివాన తరవాత డ్రమ్ము కడిగి కొత్తగా ఎత్తినాం. అందులోకి పాత బియ్యం ఎలగొచ్చినాయంటారు?"

"అది మీరే చూసుకోవాలి" అన్నాను. నాకు భోజనం వేళవుతోంది.

"అదే ఒక సీటీ మీద రాసిత్తారా?"

రాసిచ్చాను. నుసిపురుగు అనీ, పాత నిల్వ ధాన్యంలో పెరుగుతుందనీ రెండు వాక్యాలు. కింద ఆఫీసు ముద్ర కూడా కొట్టాను, అడక్కుండానే. ముద్ర కొడితే వచ్చే చప్పుడంటే నాకిష్టం. అగ్గిపెట్టెలో పురుగుల్ని అలవాటు కొద్దీ స్పిరిట్ సీసాలో వేసి అలమరలో పెట్టాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఆదివారం ప్రార్థన అయ్యాక నా చీటీ గుడిలో చదివారట. దానికి అర్థం పేటలో అందరికీ ఒకటే తోచింది. సంఘం వేసిన మంచి బియ్యం రూతమ్మ తీసుకుని, రేషను కొట్టు పాత బియ్యం డ్రమ్ములో పోసిందని. డ్రమ్ము జకరయ్య గారింటికి వెళ్ళిపోయింది.

చేటలో పొడి

ఇంకో నెలన్నర గడిచింది. ఒక ఉదయం మా ఆవిడ వంటింట్లోంచి పిలిచింది. మా ఆవిడది సోంపేట.

"ఇలగ రండి. మీ సుట్టాలొచ్చినారు."

గాలివాన తరవాత కొన్న కొత్త వెదురు చేట గోడకి వేలాడుతోంది. దాని కింద గట్టు మీద పసుపుపచ్చని మెత్తటి పొడి చిన్న గుట్టలా పడి ఉంది. చేట తట్టితే నాలుగు పురుగులు రాలాయి.

"నుసిపురుగులు. బియ్యంలోంచి పాకి ఉంటాయి" అన్నాను.

"బియ్యం మూతెట్టిన డబ్బాలో ఉన్నాది. సేట మేకుకి ఉన్నాది. మూత తీసుకుని, మేకెక్కి, సేట తిని, మళ్ళీ మూతెట్టేసినాయేటి?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఒక పురుగుని కాగితం మీద వేసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, చాలా ఏళ్ళ తరవాత పెన్సిలు పట్టాను. ఒళ్ళు గీశాను. మెడ ముసుగు గీశాను. ముసుగు వెనక అంచు గీయడానికి భూతద్దం దగ్గరికి పెడితే, అక్కడ పసిపిల్ల బుగ్గల మీద సొట్టల్లాగ పక్కపక్కన రెండు గుంటలున్నాయి. నుసిపురుగుకి ఆ సొట్టలుండవు. ఇది దాని అన్నదమ్ముల బిడ్డ. వెదురు తొలిచే పురుగు.

భోజనం చేయకుండా ఆఫీసుకి పోయి అలమరలో స్పిరిట్ సీసా తీశాను. జకరయ్య గారి పురుగులు పది ఉన్నాయి. పదికి పదీ సొట్టబుగ్గలే.

మా కొత్త సారుకి చెప్పాను. ఆయన ఫైలులోంచి తలెత్తలేదు. "ఇప్పుడెవరడిగారయ్యా? పురుగు పరువు నష్టం దావా వేస్తుందా?" అన్నారు. నిజమే, ఎవరూ అడగలేదు. ఆ మాట పట్టుకుని నేను రెండు వారాలు ఊరుకున్నాను. ఈ రెండు వారాల సంగతే ఆ అమ్మాయిలకి చెప్పలేకపోయాను. తప్పు చెప్పడం తెలియక జరిగింది. ఊరుకోవడం తెలిసి చేశాను. రోజూ పొద్దున్న మా ఆవిడ చేట దులుపుతూ నా వేపు చూసేది. మూడో వారం, "ఆ మడిసి ఎవులో, అన్నం తింటన్నాదో నేదో" అంది.

ఆ సాయంత్రం కాశీబుగ్గలో జీడి కార్ఖానా గేటు దగ్గర నించున్నాను. పని దిగి వస్తున్న ఆడవాళ్ళని రూతమ్మ ఎవరని అడిగితే, ఒకామె వెనక్కి తిరిగి, "పాత బియ్యం, నీకోసం ఎవులో వొచ్చినారు" అని కేకేసింది. నలుగురు నవ్వారు. నలభై ఏళ్ళ మనిషి, బక్కపలచన, ముందుకొచ్చింది. జీడి జిడ్డుకి వేళ్ళు నల్లబడి, కొసలు తోలు ఊడి ఉన్నాయి.

"రూతమ్మ మీరేనామ్మా?"

"పాత బియ్యం రూతమ్మ కావాలా, ఉత్త రూతమ్మ కావాలా? రెండూ నానే."

"చీటీ రాసింది నేను."

ఆమె నన్ను కింది నుంచి పైకి ఒకసారి చూసింది. తిడుతుందనుకున్నాను.

"ఒకటడుగుతాను బాబూ. ఆ పెట్టెలో పొడి ఉన్నాది గదా, దాన్ని నీల్లలో ఏసి సూసినావా?"

"లేదు."

"నాను సూసినాను. బియ్యప్పిండైతే కడుగు తెల్లగా రావాల. రాలేదు. పొట్టులాగ పైకి తేలిపోనాది. అదే సెప్పినాను పెద్దలికి. ఇయ్యి ఆడోల్ల కుడితి కబుర్లు, ఆఫీసులో అద్దాలున్నాయి, ఆలు సెప్తారు అన్నారు. నానూ అదే అనుకున్నాను. అద్దాలున్నోలు సూత్తారు గదా అని."

తప్పు చెప్పానని ఒప్పుకున్నాను. అది వెదురు పురుగనీ, బియ్యానికి దానితో సంబంధం లేదనీ, రేపే వెళ్ళి జకరయ్య గారికి చెబుతాననీ అన్నాను.

"వొద్దు" అంది. "ఆరి అరుగు మీద సెప్తే ఆరి అరుగు మీదే ఉండిపోద్ది. నీ సీటీ గుడిలో సదివినారు. గుడిలోనే సెప్పు. దానికన్నా ముందు మా ఇంటికి రా. నా ఇల్లు సూడకుండా నా పురుగుని సూసేసినావు."

పైకి చూడు

ఆదివారం తెల్లారగానే వెళ్ళాను. ఒక్క గది, తాటాకు కప్పు, మట్టి గోడలు. ఆమె గుమ్మంలో పక్కకి తప్పుకుని, "పైకి సూడు" అంది.

చూశాను. వాసాలన్నీ కొత్త వెదుర్లు. కణుపు కణుపుకీ సూదితో పొడిచినట్టు బొక్కలు. తూర్పు కిటికీ లోంచి ఎండ పడుతున్న చోట గాలిలో సన్నటి పొడి దిగుతోంది, ఆగకుండా. మంచం మీద పొడి. గూట్లో బైబిలు మీద పొడి. డ్రమ్ము ఉండిన చోటు నేల మీద గుండ్రటి మచ్చ, దాని చుట్టూ పొడి. డ్రమ్ము మీద మూతగా పెట్టిన వెదురు తట్ట ఒక మూల బోర్లించి ఉంది. అదీ జల్లెడే. ఆ తట్టా, ఆ వాసాలూ ఒక్క పొదలోవి.

"ఎదురు నరికితే నెల్లాళ్ళు సెరువులో రాళ్ళెట్టి ముంచాల" అంది రూతమ్మ. "అప్పుడు దాని తీపి నీల్లకి పోద్ది, పురుగు ముట్టుకోదు. మా తాతలకాడి నుంచీ అంతే. ఆ యేడు ఎవులికి ఓపిక? తల మీద కప్పు లేదు. నరికిన నాలుగో రోజు ఎత్తేసినారు."

"వెదురు ఎవరిచ్చారు?"

ఆమె గూట్లో బైబిలు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది.

"జకరయ్య మావ. ఊరికినే ఇచ్చినాడు. ఇంటాయన ఊర్లో లేడని ఆయనే నరికించి, ఆయనే మడుసుల్ని పెట్టి ఎత్తించినాడు. మంచోడే బాబూ. అదే నా బాద."

తల ఎత్తితే కనపడే సంగతి అది. రెండు నెలల ముందు నేను ఒక్కసారి ఈ గుమ్మంలో నించుని ఉంటే భూతద్దం కూడా అక్కర్లేదు.

గుడికి కొత్త కప్పు సగమే వేశారు. మిగతా సగం మీద టార్పాలిన్ కట్టారు. ప్రార్థన అయ్యాక, రూతమ్మ ముందే చెప్పి ఉంచడంతో, పాస్టరు గారు నన్ను పిలిచారు. వేదికలెక్కి అలవాటు లేని మనిషిని. చెప్పాలనుకున్నది ముందే కాగితం మీద రాసుకున్నాను గానీ, ఆ కాగితం నా మొదటి చీటీని గుర్తుచేసి, జేబులోంచి తీయబుద్ధి కాలేదు. "నేను తప్పు రాశాను. ఇది బియ్యంలో పుట్టే పురుగు కాదు. కప్పు లోంచి పడింది" అన్నాను. ఎవరూ కదల్లేదు. నోటి మాటకి ముద్ర ఉండదు కదా.

అందుకని సంచీలోంచి రెండు గాజు పలకలు తీశాను. ఒకదాని మీద గిడ్డంగి నుంచి తెచ్చిన అసలు నుసిపురుగు. రెండోదాని మీద అగ్గిపెట్టె పురుగు. "ఒక్కొక్కరు వచ్చి చూడండి" అని భూతద్దం బల్ల మీద పెట్టాను.

ముందుగా ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆ పిడికెడు బియ్యం తిని బతికేవాళ్ళలో ఆమె ఒకతి. నుసిపురుగుని చూసింది. రెండోదాన్ని చూసింది. మళ్ళీ మొదటిదాన్ని చూసింది.

"ఓలమ్మ, దీనికి సొట్టలున్నాయే. దానికి నేవు."

అంతే, ఆడవాళ్ళంతా వరసకట్టారు. ఇంటింటి బియ్యమూ ఏరే కళ్ళు అవి. నేను ఏళ్ళ తరబడి చదువుకుని మరిచిపోయినదాన్ని ఒక్కొక్కరూ పది లెక్కపెట్టేలోపు పట్టేశారు. ఒకామె, "మా కొత్త తట్టలో పొడి కూడా ఇదేనేటి మేష్టారూ? మా అత్త నన్ను పిండి ఒలకబోసినావని తిడతంది" అంది. ఇంకో నలుగురు తమ వాసాల సంగతి చెప్పారు. పేటంతా రాలుతున్న పొడి అది. ఒక్క రూతమ్మ ఇంట్లోనే దానికింద డ్రమ్ము ఉండేది.

జకరయ్య గారు అందరికంటే ఆఖర్న వచ్చారు. వంగి చాలాసేపు చూశారు. తలెత్తకుండానే, "ఎదురు నాదే" అన్నారు. భూతద్దం బల్ల మీద పెట్టి, "ముంచుదామన్నారు. వానొత్తాది, బేగి ఎత్తీమన్నాను నానే" అన్నారు. క్షమించమనే మాట ఆయన నోటి నుంచి నేను వినలేదు. గుడి దిగి నేరుగా తన ఇంటికి వెళ్ళారు. మేం చూస్తుండగానే ఆయనా, ఆయన తమ్ముడూ డ్రమ్ముని చెరో పక్కా పట్టుకుని రూతమ్మ ఇంటి వేపు నడిచారు. ఆడవాళ్ళు వెనకాల.

నేను ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. రూతమ్మ గుమ్మానికి అడ్డంగా నించుంది.

"లోపలెట్టకండి."

"ఏటమ్మా, కోపమా?" అన్నారు జకరయ్య గారు.

"కోపం కాదు మావా. కప్పు అదే ఉన్నాది. మళ్ళీ పడతాది. పడితే మళ్ళీ రూతమ్మే. ముందు ఎదురు మార్సండి. ఈసారి ముంచి ఎత్తండి. అప్పుడు తెండి."

డ్రమ్ము మళ్ళీ వెనక్కి పోయింది. మర్నాడు ఆయన కొత్త వెదుర్లు నరికించి, తనే చెరువులో నడుం లోతు దిగి రాళ్ళు పెట్టారని విన్నాను. నెలా పది రోజులకి కప్పు మారింది. ఆ తరవాతి ఆదివారం బియ్యం ఆమె ఇంటికి చేరాయి. కార్ఖానాలో మాత్రం పాత బియ్యం అనే పేరు ఇంకో ఏడాది పాటు నడిచింది. వేళాకోళంగా పిలిచేవారట, కోపంగా కాదు. ఐనా పేరు పేరే. నాకు ఆ చీటీ రాయడానికి రెండు నిమిషాలు పట్టింది.

కొత్తగా చేరినవాళ్ళకి

మీరు నాకంటే బాగా చదువుకున్నారు. మీ దగ్గర మంచి పరికరాలున్నాయి. నేను చెప్పగలిగింది తక్కువ. మనం పురుగుకి పేరు పెడుతున్నామనుకుంటాం. ఇంట్లోవాళ్ళు దాన్నిబట్టి మనిషికి పేరు పెట్టేస్తారు. కోడలు తెచ్చిన పురుగని, పనిమనిషి శుభ్రం చేయక పుట్టిందని, ఫలానా ఆవిడ బియ్యం మార్చేసిందని. మీ దగ్గరికి అగ్గిపెట్టె వచ్చేసరికే అక్కడ ఒక తగువు నడుస్తూ ఉంటుంది. మీరు చెప్పే పేరు కోసం కాదు, ఎవరి పక్షమో తేల్చడం కోసం వస్తారు. అందుకని, తెచ్చినవాళ్ళ మాట ఒక్కటే విని చెప్పకండి. ఎక్కడ దొరికింది, దాని కింద ఏముంది, పైన ఏముంది, పొడి ఏ రంగు అని అడగండి. ఆ ఇంట్లో రోజూ ఊడ్చే మనిషిని అడగండి. ఆవిడకి తెలిసినంత మన పుస్తకాలకి తెలీదు. తెలియకపోతే తెలియదని రాసి, దానికీ ముద్ర కొట్టండి. ఆ చప్పుడు కూడా బాగానే ఉంటుంది. బొమ్మ గీయండి. ఏనుగులా వచ్చినా ఫరవాలేదు.

నా ఉద్యోగం ఇంకో వారంలో ముగుస్తుందనగా, ఒక మధ్యాహ్నం రూతమ్మ ఆఫీసుకొచ్చింది. జుట్టు సగం నెరిసింది. కార్ఖానాలో కొట్టే పని మానేసి, ఇప్పుడు పప్పు ఏరే దగ్గర కూర్చుంటోందట. వేళ్ళు కాస్త తెల్లబడ్డాయి. బియ్యం ఇంకా తనే దాస్తోంది. కొంగు ముడి విప్పి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల ఏదో నల్లగా కదిలింది.

"కొత్తది పడ్డాది బాబూ. ఎప్పుడూ సూడనేదు."

నేను అలవాటుగా సొరుగు లాగి భూతద్దం తీసి, చెయ్యి చాపాను. ఆమె కవరుని గుప్పిట్లో మూసేసింది.

"ఏటి, ఇక్కడే సూసేత్తావా?"

భూతద్దం జేబులో వేసుకున్నాను. సొరుగు మూసి, బండి తాళం తీసుకుని, ఆమె వెనకే మెట్లు దిగాను.